మిర్యాలగూడ నుంచి నడిచొచ్చిన సైకిల్

పోయిన నెల కళ్లద్దాలు మార్పించుకుందామని మనవడి బండి వెనక కూర్చొని బజారుకు పోతుంటే, నడిమధ్యలో చక్రం గాలి పోయింది. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పంచర్లు వేసే ఆయన నాకొక ప్లాస్టిక్ కుర్చీ వేసి, ట్యూబు బయటికి లాగి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలొచ్చిన చోట ఆకురాయితో గీకి, చిన్న గొట్టంలోంచి సొల్యూషన్ పిండి వేలితో పూశాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు నవ్వొచ్చింది. ముసలామె ఒక్కతే కూర్చొని నవ్వుతుంటే బాగుండదని కొంగు అడ్డం పెట్టుకున్నాను గానీ నవ్వు ఆగలేదు. "ఏందే నానమ్మా?" అన్నాడు మనవడు. "మా చిన్నాయన వాసనొస్తుందిరా" అన్నాను. వాడూ షెడ్డాయనా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మా నాయన తమ్ముడు నర్సయ్య చిన్నాయన చొక్కా జేబులో సరిగ్గా ఇలాంటి గొట్టమే ఒకటి మూత ఊడి కారిపోయి, మూడు రోజుల పాటు ఆయన ఒళ్లంతా ఈ వాసనే కొట్టింది. జేబు ఛాతీకి అతుక్కుపోయింది. చొక్కా విప్పినప్పుడు దాంతో పాటు కొన్ని వెంట్రుకలు కూడా వచ్చేశాయి. ఆ మూడు రోజులూ మేమిద్దరం ఒక సైకిల్‌ను వెంటబెట్టుకొని మిర్యాలగూడలో బయలుదేరి, కోదాడ మీదుగా సూర్యాపేట చేరుకున్నాం. సైకిల్ మీద అనడం లేదు, వెంటబెట్టుకొని అంటున్నాను. అసలు కథంతా ఆ తేడాలోనే ఉంది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా ఇల్లు సూర్యాపేటలో. నాయన దర్జీ. ఊళ్లో తుపాకుల చప్పుడు ఎక్కువైన రోజుల్లో, పిల్లనైనా భద్రంగా ఉంచుదామని నన్ను మిర్యాలగూడలో పెద్దమ్మ దగ్గరికి, అంటే అమ్మ అక్క ఇంటికి పంపించారు. మిర్యాలగూడలో తుపాకులు లేవా అంటే ఉన్నాయి. కానీ చుట్టాలున్న ఊరు చల్లగా ఉంటుందని అప్పటి వాళ్ల నమ్మకం. నెల రోజులన్నది ఏడాది దాటింది. ఇప్పుడు మిర్యాలగూడ అంటే రైసుమిల్లులు, లారీలు, ఊక వాసన. అప్పటికి సాగర్ కాలువ లేదు. ఊరు దాటితే జొన్నచేలు, ఆముదం చేలు, వేరుశనగ, వాటి మధ్యలో ఎర్రటి దుమ్ము. పెద్దమ్మ నన్ను కడుపులో పెట్టుకొని చూసుకుంది. పొద్దున జొన్నరొట్టె మీద వెన్న, మధ్యాహ్నం పచ్చిపులుసు, వానపడ్డ రోజు గిన్నెకు ఒత్తి కాల్చిన సర్వపిండి, అందులో నువ్వులు పంటికింద పటపటలాడేవి. అన్నీ తిన్నాను. అన్నీ తిని, సూర్యాపేట నుంచి వచ్చి బస్సు దిగిన ప్రతి మనిషినీ ఆపి "మా అమ్మను సూసిన్రా?" అని అడిగేదాన్ని. అమ్మకు తమ్ముడు పుట్టాడని అలాగే, ఒక గాజులమ్మే ఆమె నోట విన్నాను.

పెద్దమ్మ భర్తను పెద్దబాపు అనేదాన్ని, ఆయన బడిపంతులు. సైకిల్ ఆయనదే. బదిలీ మీద పోతున్న ఒక సర్కారు ఉద్యోగి దగ్గర ముచ్చటపడి కొన్నాడు. కొన్న మొదటి రోజే, తన దగ్గర చదువుకునే పిల్లలంతా చూస్తుండగా నేరుగా పోయి బర్రెకు గుద్దాడు. బర్రెకేం కాలేదు. పెద్దబాపుకు ముందుపన్ను ఊడింది. అప్పటి నుంచి మాట మొదట్లో 'స' ఉంటే ఆయన నోట అది ఈలలాగా వచ్చేది, అందుకే 'సైకిల్' అన్న మాట పలకడమే మానుకొని 'ఆ వస్తువు' అనేవాడు. ఆ వస్తువు వసారాలో గోడకు ఆనుకొని ఉండేది. హ్యాండిల్‌కు ఉల్లిగడ్డల జడలు, ముందు కడ్డీ మీద పెద్దమ్మ తడి చీరలు, వెనక క్యారేజీ మీద గంప, గంపలో పొదుగుకోడి. నేను ఏడాది పాటు దాన్ని కోడి కూర్చునే వస్తువుగానే చూశాను.

పోలీసు యాక్షన్ అయిపోయి, ఊళ్లు కొంచెం సర్దుకున్నాక, బతుకమ్మ పండుగ ఆఖరి రోజైన సద్దులకు నాలుగు రోజుల ముందు చిన్నాయన నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. అప్పటికాయనకు ఇరవై రెండేళ్లు. తాటిచెట్టంత పొడుగు, మెడలో రేగుపండు ఇరుక్కున్నట్టు గొంతుకాయ. నాయన దగ్గర కుట్టుపని నేర్చుకోబోయి ఒక పటేలు గారి షేర్వాణీకి రెండు చేతులూ ఒకే వైపు కుట్టిన మనిషి. ఆ తర్వాత ఎవరూ పని చెప్పలేదు. ఇప్పుడు సూర్యాపేటలో ఒక డాక్టరు గారికి, మందులపెట్టె తీసుకొని చుట్టుపక్కల ఊళ్లు తిరిగే కంపౌండరు కావాలట. సైకిలుండాలి, తొక్కరావాలి, అంతే. ఉందా అని అడిగితే ఉందన్నాడు. వచ్చా అని అడిగితే వచ్చన్నాడు. సద్దుల బతుకమ్మ లోపల సైకిల్‌తో వచ్చి కనపడమన్నాడు డాక్టరు.

"అన్నా, నీ సైకిల్ నాకిస్తే నా బతుకు నిలబడ్తది" అన్నాడు చిన్నాయన, తింటున్న రొట్టె పక్కకు పెట్టి.

"తీస్కపో! ఇయ్యాల్నే తీస్కపో! నా కండ్ల ముంగట లేకుంటె సాలు" అన్నాడు పెద్దబాపు. 'సాలు' అన్నప్పుడు సన్నటి ఈల వినిపించింది. "ఎక్కొచ్చునా నీకు?"

"ఎక్కుడేంది, పండుకొని గూడ తొక్కుత."

పెద్దమ్మకు వెంటనే ఇంకో సంగతి గుర్తుకొచ్చింది. ఆమె కూతురు సుగుణక్కను కోదాడలో ఇచ్చారు. అల్లుడు పొద్దెక్కితే గానీ లేవడట. గోడకున్న పెద్ద గడియారం దింపి, గొంగళిలో చుట్టి, "బస్సుల పంపిస్తే పగులుతది మరిదీ, నువ్వైతే పాణమోలె తీస్కపోతవ్. సైకిల్ మీద కోదాడెంత దూరం?" అంది. సూర్యాపేటకు నేరుగా పోయే తొవ్వలో కోదాడ లేదు, చాలా చుట్టు తిరిగి పోవాలి. అయినా చిన్నాయన నవ్వాడు. ఆ నవ్వు కొంచెం వంకరగా ఉందని నాకప్పుడు తట్టలేదు.

పొద్దున్నే కోడిని దింపారు. అది ఒప్పుకోక రెండుసార్లు మళ్లీ ఎక్కింది. ఉల్లిగడ్డలు విప్పి, చక్రాలకు గాలి కొట్టించి, హ్యాండిల్‌కు పసుపు కుంకుమ పెట్టి, గడియారాన్ని క్యారేజీకి నులకతో బిగించారు. వాడంతా చూడటానికి వచ్చి నిలబడింది. చిన్నాయన హ్యాండిల్ పట్టుకొని అందరి వంకా చూసి, గంభీరంగా, "పెద్దలుండే ఊళ్లె ఎక్కి తొక్కొద్దు, పొలిమేర దాటినంక ఎక్కుత" అన్నాడు. ఎంత మర్యాద తెలిసిన పిల్లగాడని ముసలివాళ్లు మెచ్చుకున్నారు. పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ నా చేతికి సద్దిమూట ఇచ్చింది. నన్ను సీటు మీద కూర్చోబెట్టి ఆయన నెట్టుకుంటూ నడిచాడు.

పొలిమేర దాటింది. ఊరు కనుమరుగైంది. జొన్నచేల మీద పిట్టలు లేస్తున్నాయి.

"ఇగ ఎక్కు చిన్నాయనా" అన్నాను.

ఆయన ఒక తుమ్మచెట్టు కింద సైకిల్ ఆపి, అటూ ఇటూ చూసి, "సత్తెమ్మా, నీకొక మాట జెప్త. ఎవ్వరికి జెప్పొద్దు. నాకు తొక్కరాదు" అన్నాడు.

"పండుకొని గూడ తొక్కుత అంటివి?"

"పండుకొనుడొచ్చు" అన్నాడు.

మరి బస్సులో పోదామా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. బస్సులో పోతే నేర్చుకునేది ఎక్కడ? మూడు రోజుల తొవ్వ, మనుషులు తక్కువుండే తొవ్వ, పడ్డా ఎవరూ చూడరు. సూర్యాపేట చేరేసరికి నేర్చుకోవచ్చునని ఆయన ఆలోచన. నాకు కోపమొచ్చి ఏడ్చాను. బస్సయితే సాయంత్రానికి అమ్మ దగ్గరుందును. ఆయన నా ముందు గొంతుక్కూర్చొని, "ఈ కొలువు గూడ పోతే మీ నాయన నన్ను మల్ల సూది పట్టుమంటడే" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన నవ్వలేదు. ఆయనకు ఆ ఇంట్లో ఎంత చిన్నతనంగా ఉండేదో తొమ్మిదేళ్ల నాకు కూడా తెలిసిపోయింది. కళ్లు తుడుచుకొని సరేనన్నాను.

ఆ రోజుల్లో తొవ్వ మీద ఎదురైన మనిషిని మాట్లాడించకుండా దాటిపోవడమంటే అవమానించినట్టు. అందుకని కనబడ్డ ప్రతివాళ్లూ ఆగి, సైకిలుండగా నడుస్తున్నారెందుకని అడిగారు. గొర్లు కాసే ఆయనతో గాలి తక్కువుందన్నాడు చిన్నాయన. కలుపు తీసే ఆడవాళ్లతో, పిల్లకు కడుపునొప్పి, కుదుపొద్దన్నరు అన్నాడు. వాళ్లు నన్ను దింపి పొట్ట నొక్కి చూసి, వామునీళ్లు తాగించే దాకా వదల్లేదు. ఇంకో ముసలాయనతో, కోదాడ దాకా నడిచి పోతామని మొక్కుకున్నామన్నాడు. ఆ ముసలాయన చెప్పులు విడిచి సైకిల్‌కు దండం పెట్టాడు.

గడియారం సంగతి వేరే. చక్రం రాయి మీదెక్కిన ప్రతిసారీ అది గంటలు కొట్టేది. పొద్దున్నే పన్నెండు, మిట్టమధ్యాహ్నం మూడు, ఒక గతుకులో ఏకంగా ఇరవై దాకా కొట్టింది. మూసీ వాగు మేం దాటిన చోట వంతెన లేదు, పుట్టిలో దాటాలి. వానాకాలపు నీళ్లు ఎర్రగా సుళ్లు తిరుగుతున్నాయి. బుట్టలాంటి తోలు పుట్టి గిర్రున తిరుగుతుంటే, దాంట్లో సైకిల్, సైకిల్‌ను కావలించుకొని చిన్నాయన, చిన్నాయనను కావలించుకొని నేను, మా వెనక గొంగళిలోంచి ఆగకుండా గంటలు. "లోపలెవరున్నరయ్యా?" అని పుట్టి నడిపే ఆయన భయంగా అడిగాడు.

అవతలి ఒడ్డున పాఠాలు మొదలయ్యాయి. చిన్నాయన పద్ధతి ఏమిటంటే, సైకిల్‌ను పరుగెత్తించి, దుంకి ఎక్కి, పడటం. ఎడమ వైపు పడ్డాడు, కుడి వైపు పడ్డాడు, ఒకసారి ఎటు పడ్డాడో మా ఇద్దరికీ అర్థం కాలేదు. జేబులోని సొల్యూషన్ గొట్టం మూత ఊడింది అప్పుడే. మధ్యాహ్నానికి ఆయన మోచేతులు రెండూ దోక్కుపోయి, సద్ది అన్నం తిని, వేపచెట్టు కింద తుండుగుడ్డ మొహాన వేసుకొని నిద్రపోయాడు.

నేను నిద్రపోలేదు. సైకిల్ చెట్టుకు ఆనించి ఉంది. ముట్టుకున్నాను. గంట మోగించాను. ఆయన లేవలేదు. సీటు నాకు అందదు కాబట్టి లంగా పైకి దోపుకొని, ముందు కడ్డీ కింది సందులోంచి కాలు దూర్చి, అవతలి పెడలు మీద పెట్టాను. దాన్ని కాంచి తొక్కడమంటారని అప్పటికి నాకు తెలియదు. ఒక అడుగు కదిలింది. ఇంకో అడుగు. తర్వాత ఏమైందో చెప్పలేను. నేల నా కింది నుంచి దానంతటదే వెనక్కి పోవడం మొదలుపెట్టింది, తంగేడు పొదలు పసుపుపచ్చగా పక్కనుంచి జారిపోతున్నాయి, చెవుల్లో గాలి, వెనక గడియారం పెళ్లి మేళంలాగా కొడుతోంది. ఏడాది నుంచి గుండెల మీదున్న బరువేదో ఆ కాసేపు లేకుండా పోయింది. గంటల చప్పుడుకు లేచిన చిన్నాయన, "సత్తెమ్మో! ఆగే! గడియారమే!" అని అరుస్తూ వెంటపడ్డాడు. ఆగడమెట్లాగో తెలియక పోయి ఆముదం చేలో పడ్డాను.

కొడతాడనుకున్నాను. రొప్పుతూ వచ్చి, ముందు నా మోకాళ్లు చూశాడు, గాయపాకు నలిపి రసం పిండాడు, తర్వాత గడియారం చూశాడు. చివరికి నా పక్కనే మట్టిలో కూర్చొని, చిన్న గొంతుతో అడిగాడు.

"ఎట్ల తొక్కినవే?"

"తెల్వదు. తొక్కిన."

"తెల్వదంటె ఎట్ల? నాకు గూడ జెప్పు."

ఆలోచించి, "నువ్వు చక్రం దిక్కు సూస్తవ్ చిన్నాయనా. నేను దూరం సూసిన" అన్నాను. ఇరవై రెండేళ్ల మనిషి, తొమ్మిదేళ్ల పిల్ల చెప్పిన మాటకు బుద్ధిగా తలూపాడు. ఆ సాయంత్రం పొద్దు గూకే లోపల, నేను క్యారేజీ పట్టుకొని వెంట పరుగెత్తుతుండగా, ఆయన పడకుండా ఒక చింతచెట్టు నుంచి ఇంకో చింతచెట్టు దాకా పోయాడు. అప్పటి నుంచి నన్ను 'పంతులమ్మా' అని పిలవడం మొదలుపెట్టాడు, ఎగతాళికి కాదు.

ఆ రాత్రికి హుజూర్‌నగర్‌లో ఎరిగినవాళ్లింట్లో ఉండి, మర్నాడు మధ్యాహ్నం తర్వాత కోదాడ దగ్గరికొచ్చాం. ఊరికి కొద్ది దూరంలో రోడ్డుకు అడ్డంగా వెదురుబొంగు కట్టి, నలుగురు పోలీసులు నిలబడి ఉన్నారు. ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు, వాళ్లకు మన మాట రాదు. మూటలో ఏముందని సైగ చేశారు. "ఘడీ హై సాబ్" అన్నాడు చిన్నాయన. ఒకాయన మూట మీద చెవి పెట్టి విన్నాడు. టిక్కు టిక్కుమంటోంది. ఆయన మొహంలో రంగు మారింది. ఏదో అరిచాడు, అంతే, నలుగురూ రోడ్డు పక్క గోతిలోకి దూకారు. వాళ్లు దూకితే మేమెందుకు నిలబడాలని మేం కూడా దూకాం. నడిరోడ్డు మీద స్టాండు వేసిన సైకిల్ ఒక్కటే మిగిలింది. వాళ్లలో ఒకాయన పొడుగాటి కట్టెతో, పడుకునే ఉండి, దాన్ని పొడిచాడు. గడియారం మొదలుపెట్టింది. ఠంగ్! అందరం మొహాలు మట్టిలో పెట్టాం. ఠంగ్! ఒకాయన దేవుణ్ని తలుచుకుంటున్నాడు. చిన్నాయన నా చెవిలో, "కొట్టనియ్యి, అదే అలిసిపోతది" అన్నాడు. అది పదకొండు కొట్టి ఊరుకుంది.

కాసేపు ఎవరూ లేవలేదు. తర్వాత వాళ్లలో పెద్దాయన పోయి గొంగళి విప్పి, లోపల లోలకం చూసి, నడుము మీద చేతులు పెట్టుకొని నవ్వడం మొదలుపెడితే, మిగతావాళ్లు కూడా ఒళ్లు దులుపుకుంటూ నవ్వారు. ఆయన తన చేతిగడియారం చూసి మా గడియారానికి ముల్లు సరిచేసి, కీ కూడా ఇచ్చి, మళ్లీ తనే మూట కట్టాడు. నాకు రెండు బిస్కెట్లు పెట్టాడు. బొంగు ఎత్తి, చిన్నాయనను ఎక్కి తొక్కుకుంటూ పొమ్మని చేత్తో చూపించాడు. చిన్నాయన వంగి సలాం చేసి, నెట్టుకుంటూ నడిచాడు. వాళ్లు వెనక నుంచి చాలాసేపు చూస్తూనే ఉన్నారు.

సుగుణక్క ఎదురొచ్చి "రండి బాబాయ్, కూర్చోండి" అంది. ఆ బాబాయెవరోనని చిన్నాయన వెనక్కి తిరిగి చూశాడు. కోదాడకు వచ్చి ఏడాది కాలేదు, అక్క నోట అప్పుడే ఆంధ్ర మాటలు పలుకుతున్నాయి. నా మోకాళ్లు చూసేసరికి మాత్రం "అయ్యో, ఏందే గిట్ల కొట్టుకపోయినయ్!" అని మళ్లీ మా ఊరి మనిషయిపోయింది. వేడినీళ్లు పోసి, గోంగూర పప్పులో నెయ్యి వేసి పెట్టింది. గడియారం గోడకెక్కింది. బావ దాని వంక చూసి, సాలోచనగా, "ఇది గంటలు కూడా కొడుతుందా?" అన్నాడు.

కోదాడ నుంచి సూర్యాపేట దాకా పెద్ద రోడ్డు. తెల్లవారి బయలుదేరాం. చిన్నాయనకిప్పుడు తొక్కడం వచ్చింది. ఎక్కడం రాదు, దిగడం రాదు. దానికి నేనొక ఉపాయం చెప్పాను. మైలురాయి మీద కాలు పెట్టి సీటెక్కి, ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకొని, రాయిని తన్ని బయలుదేరాలి. అంటే మైలురాయి దగ్గర మాత్రమే ఎక్కగలం. మధ్యలో పడితే మళ్లీ మైలురాయి వచ్చేదాకా నడకే. దిగడమంటే, మెత్తటి చోటు చూసుకొని "దుంకు పంతులమ్మా!" అని అరవడం. నేను దుంకేదాన్ని. ఆయన సైకిల్‌తో సహా గట్టున పడేవాడు. మునగాల దాటేసరికి అది ఎంత అలవాటైందంటే, పడ్డాక ఆయన ఒళ్లు కూడా దులుపుకోవడం లేదు. పడ్డ చోటల్లా నేను తంగేడు, గునుగు తెంపి క్యారేజీకి కట్టాను. మర్నాడే సద్దుల బతుకమ్మ.

మూడు గంటల వేళ సూర్యాపేట కనబడింది. ఏడాది తర్వాత. చివరి మైలురాయి మీద కాలు పెట్టి చిన్నాయన చొక్కా దులుపుకున్నాడు. "డాక్టరు సాబు దుకాణం ముంగట మెల్లగ ఆపి, మెల్లగ దిగుత" అన్నాడు. ఎట్లా దిగుతావని నేనడగలేదు. ఊళ్లోకొచ్చాం. మిరపకాయల కొట్ల ఘాటు, మిఠాయి దుకాణం నూనె పొగ, బండ్లెద్దుల మువ్వలు, గంపల నిండా పూలు పెట్టుకొని అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్లు, అన్నీ అలాగే ఉన్నాయి, కానీ అన్నీ కొంచెం చిన్నవైపోయాయి. డాక్టరు గారు వసారాలో నిలబడి ఉన్నాడు. చిన్నాయన ఆయనకు దండం పెట్టాలని ఒక చెయ్యి తీశాడు. సైకిల్ ఒక ఊపు ఊగింది. దిగలేదు. ఆగలేదు. డాక్టరు గారి ముందు నుంచి ఒంటిచేతి దండంతో సాగిపోయాం.

ముందు మా సందు. సందు మొగదలలో అమ్మ. చంకలో ఎవరో పిల్లవాడు.

"అమ్మా!" అన్నాను.

"సత్తెమ్మా! నా తల్లీ! ఆగుండ్రి!"

"ఆగరాదే అమ్మా!"

"వదినా, మల్లొస్తం!" అని చిన్నాయన అరిచాడు. అమ్మ మొహం నా పక్కనుంచి వెనక్కి పోయింది. ఏడాది ఎదురుచూసిన మొహం. కడ్డీ మీద నుంచి దుంకేద్దామనుకున్నాను, కింద కంకర. బజారంతా చుట్టి, బండ్ల మధ్య నుంచి, పూలమ్మేవాళ్ల మధ్య నుంచి, మళ్లీ అదే రోడ్డుకొచ్చేసరికి మా వెనక అమ్మ, అమ్మ వెనక సందులో సగం మంది పరుగెత్తుకొస్తున్నారు. డాక్టరు గారి వసారా మళ్లీ ఎదురైంది. "దుంకు!" అన్నాడు చిన్నాయన. దుంకాను. ఆయన మాత్రం రోగులు కూర్చునే బెంచీ మీదికి పోయాడు. రోగులంతా, అప్పటిదాకా మూలుగుతున్నవాళ్లతో సహా, చటుక్కున లేచి పక్కకు తప్పుకున్నారు. సైకిల్ మెట్టు దగ్గర ఆగింది, చిన్నాయన డాక్టరు గారి కాళ్ల దగ్గర ఆగాడు.

"బ్రేకు తెగింది సాబ్" అన్నాను నేను ముందుగానే.

డాక్టరు గారు వంగి బ్రేకు నొక్కి చూశాడు. చక్కగా పడింది. ఆయన నావంక చూశాడు. నేను ఆయన చెప్పుల వంక చూశాను.

చిన్నాయన లేచి నిలబడ్డాడు. నుదుటి మీద నెత్తురు, చొక్కాకు సొల్యూషన్, నెత్తిన తంగేడు పువ్వు. "బ్రేకు మంచిగనే ఉంది సాబ్. నాకే రాదు. ఆనాడు మీతోటి అబద్ధం జెప్పిన. మూడొద్దుల కింద తొక్కుడు గూడ రాకుండె. ఈ పిల్లనే నేర్పింది. దిగుడొకటి మిగిలింది."

డాక్టరు గారు ఆయన్ను బెంచీ మీద కూర్చోబెట్టి నుదుటికి టింక్చర్ రాశాడు. చిన్నాయన కెవ్వుమన్నాడు. "యాడికెల్లి వొచ్చిన్రు?" అన్నాడు డాక్టరు. మిర్యాలగూడ అన్నాడు చిన్నాయన. "కోదాడ మీంచి" అన్నాను నేను. ఆయన దూది పట్టుకున్న చెయ్యి ఆగింది. "కోదాడ మీంచా?" అని, పెదవులు బిగబట్టి, బిగబట్టి, చివరికి రోగులందరి ముందూ పగలబడి నవ్వాడు. "పండుగ ఎల్లినంక రా. దిగుడొచ్చిందాక ఈ పిల్లను ఎంట తెచ్చుకో. ఊళ్లల్ల ఆగాలె గదా!"

అప్పటికి అమ్మ వచ్చింది. వస్తుందని, ఎత్తుకుంటుందని ఏడాది పాటు ఊహించుకున్నాను. రాగానే వీపు మీద ఒకటి వేసింది. తర్వాత మోకాళ్లు చూసి ఇంకోటి వెయ్యబోయి, ఆ చెయ్యి అలాగే నా తల మీద పెట్టి నిలబడిపోయింది. "గింత పొడుగైనవేందే" అంది. ఆ మాటతో పాటు ఆమెకు ఏడుపొచ్చింది, నాకూ వచ్చింది. మా ఇద్దరినీ చూసి చంకలోని తమ్ముడు, నన్ను ఎన్నడూ చూడనివాడు, ఊరు లేచిపోయేలాగా ఏడ్చాడు. చిన్నాయన టింక్చర్ మంటకు ఏడుస్తున్నానని చెప్పాడు గానీ ఎవరూ నమ్మలేదు.

ఆ సాయంత్రమే అమ్మ నా పాత పట్టులంగా తీస్తే పిక్కల దాకే వచ్చింది. నాయన రాత్రికి రాత్రి ఇంకో రంగు అంచు వేసి పెట్టాడు. నేను తెచ్చిన తంగేడు పడీ పడీ నలిగిపోయింది. అయినా మర్నాడు అమ్మ దాన్నే బతుకమ్మకు అడుగు వరసలో పేర్చింది. పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, రొట్టె నలిపి బెల్లం కలిపిన మలీద ముద్దలు గిన్నెల్లో కట్టుకొని సద్దుల చెరువుకు పోయాం. మోకాళ్లకు కట్లతో నేను అందరికంటే ఒక చప్పట్టు వెనకగా ఆడాను. ఆ పండుగ తర్వాత నెల రోజులు చిన్నాయన వెంట ఊళ్లు తిరిగాను. ఊరు రాగానే ముందు దుంకి సైకిల్ పట్టుకోవడం నా పని. చివరికి ఆయనకు దిగడం వచ్చింది. తర్వాత ముప్పై ఏళ్లు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆయన సూది వెయ్యని మనిషి లేడు. సూది పట్టననే గదా ఈ కొలువులో చేరింది, చివరికి సూదే పట్టావు అని నాయన నవ్వేవాడు.

ఇప్పుడు చిన్నాయన లేడు, సుగుణక్క లేదు. ఆ సైకిల్ ఏమైందో ఎవరికీ గుర్తు లేదు. మేం పడిన గట్లన్నీ నాలుగు వరసల రోడ్డు కిందికి పోయాయి. తంగేడు బజార్లో కట్టలు కట్టి అమ్ముతున్నారు. మేం పుట్టిలో దాటిన వాగును మొన్న కారులో దాటితే, ఎప్పుడు దాటామో తెలియనే లేదు. నేను పన్నెండో ఏట సైకిల్ తొక్కడం మానేశాను. ఓణీ వేసుకున్న పిల్ల తొక్కితే బాగుండదన్నారు. ఎవరన్నారో గుర్తు లేదు, అమ్మ మాత్రం అనలేదు.

పొద్దున ఎనిమిదిన్నరకు మా ఇంటి ముందు నుంచి ఆడపిల్లలు కాలేజీకి పోతారు, కొందరు సైకిళ్ల మీద, కొందరు స్కూటీల మీద, జడలు ఎగురుతుంటాయి. ఆ వేళకు నేను స్నానం కానిచ్చి గేటు దగ్గర నిలబడతాను. పాలవాడి కోసం నిలబడ్డాననుకుంటుంది మా కోడలు. పాలు ఆరింటికే వస్తాయి.